విద్యార్థి పరిశోధన సదస్సు: విలువ ఎంత, ఖర్చు ఎవరిది?

యూనివర్సిటీల్లో పరిశోధన చేసే విద్యార్థులు తామే ఒక సదస్సు నడుపుకుంటామని డబ్బు అడిగితే తరచుగా ఒకటే జవాబు వినబడుతుంది. "ముందు చదువు చూసుకోండి, సదస్సులు తర్వాత." ఈ మాటలో రెండు అబద్ధాలున్నాయి. సదస్సు చదువులో భాగం కాదనేది మొదటిది. దానికయ్యే డబ్బు ఎవరో దయతలచి ఇవ్వాల్సిందనేది రెండోది. దళిత విద్యార్థులు పరిశోధనలోకి వచ్చి ఒక తరం దాటినా ఈ రెండూ ఇంకా చెల్లుబాటవుతూనే ఉన్నాయి. అంచేత ఈ వ్యాసంలో మేము రెండు పనులు చెయ్యదలిచాం. విద్యార్థి పరిశోధన సదస్సు అసలు ఏం పని చేస్తుందో వివరించడం ఒకటి. దాని ఖర్చు ఎట్లా పుడుతుంది, ఇంతకాలం ఎవరు భరించారు, ఇకమీదట ఎవరు భరించాలి అన్నది లెక్కతో సహా చూడడం రెండోది. ఉదాహరణలకి దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిస్తే చాలు, ఈ నగరంలో చదువుకి డబ్బు ఏయే దారుల్లో వచ్చిందో ఆ భవనాలే చెబుతాయి.

సదస్సులో జరిగే పని

పరిశోధన అంటే లైబ్రరీలో ఒంటరిగా కూర్చుని రాసేది అనుకుంటాం. రాయడం ఒంటరిగానే. కాని రాసింది నిలబడుతుందా లేదా అనేది నలుగురిలో తేలాలి. థీసిస్‌ని గైడు చదువుతాడు. చివర్లో ఇద్దరు ముగ్గురు పరీక్షకులు చదువుతారు. వైవా రోజున కొన్ని ప్రశ్నలు పడతాయి. అప్పటికి నాలుగైదేళ్లు గడిచిపోయి ఉంటాయి, దిద్దుకునే వ్యవధి ఉండదు. సదస్సు ఈ పరీక్షని ముందుకి జరుపుతుంది. ఇంకా పచ్చిగా ఉన్న వాదాన్ని పదిహేను పేజీల్లో పెట్టి, ఇరవై నిమిషాల్లో చెప్పి, ఎదుటివాళ్ల ప్రశ్నలకి జవాబివ్వాల్సొస్తుంది. ఎక్కడ ఆధారం పలచగా ఉందో ఆ గంటలో తెలిసిపోతుంది.

రెండో పని, తోటి పరిశోధకులు ఎదురవటం. ఉస్మానియాలో ఒకరు చెరువు కింద మాదిగల మాన్యాల మీద పనిచేస్తుంటారు. వరంగల్‌లో ఇంకొకరు అదే విషయం మీద రికార్డులు తిరగేస్తుంటారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు సదస్సు తప్ప వేరే ఏముంది? మూడోది, పత్రం అచ్చవటం. అచ్చయిన పత్రాన్ని తర్వాతివాళ్లు పేరు చెప్పి వాడుకోక తప్పదు. అచ్చవనిది గైడు సొరుగులోనో, ఇంకొకరి పుస్తకంలో పేరు లేకుండానో మిగులుతుంది.

దళిత విద్యార్థికి ఇంకో సంగతి కూడా ఉంది. వాడ నుంచి వచ్చినవాడు వాడ గురించి మాట్లాడితే దాన్ని అనుభవం అంటారు. అదే విషయం అగ్రకులస్థుడు మాట్లాడితే సిద్ధాంతం అంటారు. ఈ తేడాని తిట్టి ప్రయోజనం లేదు, బద్దలు కొట్టాలి. వాడ నుంచి వచ్చిన విద్యార్థి తన ప్రశ్నని తనే కట్టుకుని, ఆధారాలు పేర్చి, పద్ధతి చెప్పి నిలబడినప్పుడు వినేవాళ్లు ఆ ఆధారానికి జవాబు చెప్పాలి. "నీ బాధ అర్థమైంది" అని తలూపి తప్పుకోవడం కుదరదు. సదస్సు ఆ అవకాశం ఇస్తుంది. అందుకే అది అలంకారం కాదు, పనిముట్టు.

రెండు వేదికలు: 1916, 1936

కులం మీద ఆధునిక అధ్యయనానికి మొదటి రాళ్లు వేసిన పత్రాల్లో ఒకటి ఒక విద్యార్థి సెమినార్ పత్రమే. న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో 1916 మే 9న ఇరవై అయిదేళ్ల విద్యార్థి అంబేడ్కర్ భారతదేశంలో కులాల పుట్టుక, పెంపు, నడిచే తీరు మీద పత్రం చదివాడు. తన కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటు కులానికి ఆయువుపట్టు అనీ, సతీసహగమనం, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటుని కాపాడుకునే ఏర్పాట్లేననీ అందులో వాదించాడు. మరుసటేడు 1917లో ఆ పత్రం ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చయింది. నూరేళ్లు దాటినా ఇవాళ్టికీ దాన్ని చదవకుండా కులం మీద పాఠం చెప్పలేరు.

ఆ పత్రం వెనక డబ్బు సంగతి చూడాలి. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లపాటు. 1913లో అంబేడ్కర్ ఆ డబ్బుతోనే అమెరికా వెళ్లాడు. అక్కణ్ణుంచి లండన్ వెళ్లి చదువు మొదలుపెట్టాడు, అంతలో స్కాలర్‌షిప్ గడువు తీరింది. 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సొచ్చింది. బరోడాలో ఉద్యోగానికి పోతే ఉండడానికి ఇల్లు కూడా దొరకలేదు. 1920లో గాని మళ్లీ లండన్ వెళ్లలేకపోయాడు. అదీ తన జీతంలో మిగిల్చినదానికి కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం, ఒక స్నేహితుడి అప్పు తోడైతే. డబ్బు ఆగితే పరిశోధన ఆగుతుంది. అంతటి మేధావికి మూడేళ్లు ఆగిందంటే మామూలు విద్యార్థి మాట చెప్పేదేముంది?

ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో వేదిక. 1936లో లాహోరులో జాత్‌పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకి అధ్యక్షుడిగా అంబేడ్కర్‌ని పిలిచింది. కులాన్ని తెంచుతామని పేరు పెట్టుకున్న సంఘం అది. ముందుగా పంపిన ఉపన్యాసం చూసి నిర్వాహకులు కంగారుపడ్డారు, కొన్ని భాగాలు మార్చమన్నారు. ఆయన ఒక్క కామా కూడా మార్చనన్నాడు. సభే రద్దయింది. ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చేయించాడు. కుల నిర్మూలన అట్లా మనకి దక్కింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సదస్సుల నిధుల గురించి అసలు ప్రశ్న బయటికొస్తుంది. డబ్బు ఎంత అన్నది సగం ప్రశ్నే. వేదిక ఎవరిది, కార్యక్రమం ఎవరు నిర్ణయిస్తారు అన్నది మిగతా సగం. 1916లో సెమినార్ యూనివర్సిటీది, విద్యార్థికి మాట్లాడే హక్కు ఉంది. 1936లో వేదిక పిలిచినవాళ్లది, వాళ్లకి నచ్చలేదు కనక వేదికే లేకుండా పోయింది.

అబిడ్స్, నాంపల్లి చెప్పే లెక్క

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1917 ఫర్మానాతో, 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ ఇప్పటి క్యాంపస్‌లో మొదలవలేదు. అబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీ దగ్గరి భవనాల్లో తొలి తరగతులు నడిచాయి. ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచింది 1939లో. అంటే ఇరవై ఏళ్లపాటు ఈ రాజ్యపు ఉన్నత విద్య అబిడ్స్ చుట్టూనే తిరిగింది. డబ్బు నిజాం ఖజానాది. ఆ ఖజానా నింపింది శిస్తు కట్టిన రైతులూ, వెట్టి చేసిన మాల మాదిగలూను. కట్టినవాళ్ల పిల్లలు ఆ తరగతుల్లో ఎందరున్నారు అని ఎవరూ అడగలేదు. అదే ఉస్మానియా 1953 జనవరి 12న అంబేడ్కర్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

అదే 1918లో అదే అబిడ్స్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో సంస్థానాధీశులూ దేశ్‌ముఖులూ విరాళాలిచ్చారు. పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి తిండి, పడక, లైబ్రరీ దొరికాయి. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసినవాడే. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో మొదలైన తెలుగు యూనివర్సిటీకి 2025లో ఆయన పేరు పెట్టారు. ఇందులో మేము తప్పు పట్టేదేమీ లేదు. చూడాల్సింది ఒకటే: ఒక హాస్టలు, ఒక లైబ్రరీ, నలుగురు కూర్చునే హాలు ఉంటే ఒక కులం నుంచి ఒక తరం మేధావులు తయారవుతారు. అది జరగాలంటే ఆ కులంలో భూమి ఉన్నవాళ్లు ఉండాలి.

భూమి లేనివాళ్లు ఏం చేశారు? అబిడ్స్‌కి కూతవేటు దూరంలో ఇసామియా బజారు. 1910లో భాగ్యరెడ్డివర్మ అక్కడ, లింగంపల్లిలో అంటరానివాళ్ల పిల్లలకి బడులు పెట్టాడు. 1930ల నడుమ సర్కారు తీసుకునేనాటికి అవి పాతికకి పైగా అయ్యాయి. ఆది హిందూ సంఘం ఉపన్యాసాలు పెట్టించింది, సభలు జరిపింది. 1931లో భాగ్యరెడ్డివర్మ భాగ్యనగర్ పత్రిక నడిపాడు. ఈ డబ్బంతా చందాలది, చిన్న చిన్న నౌకర్లదీ, సానుభూతిపరులదీ. చందాతో అక్షరాలు నేర్పించొచ్చు. సభ జరపొచ్చు. ఏళ్ల తరబడి సాగే పరిశోధనని చందాతో పోషించడం కష్టం. రెడ్డి హాస్టల్ పక్కన అటువంటి మాల మాదిగ హాస్టల్ అప్పుడు లేచి నిలబడలేదంటే కారణం చైతన్యం తక్కువై కాదు, వెనక సంస్థానం లేక.

నాంపల్లిలో ఇంకో పాఠం ఉంది. ఏటా జనవరిలో ఎగ్జిబిషన్‌కి పోని హైదరాబాదీ ఉండడు. అది ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లు తక్కువ. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు రాజ్యంలో ఆర్థిక సర్వే చెయ్యాలనుకున్నారు. డబ్బు లేదు. డబ్బు కోసం నుమాయిష్ పెడదామన్నారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజులపాటు, సుమారు వంద స్టాళ్లతో అది మొదలైంది. పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు. 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి మారింది. పరిశోధనకి డబ్బు లేక కుర్రవాళ్లు వేసిన ఎత్తు ఇంత పెద్ద సంస్థ అయింది. ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయంతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వంటివి నడుస్తున్నాయి. అది మెచ్చుకోవాల్సిందే.

కాని నిధులు పోగుచేసే పని ఒకసారి మొదలైతే దానికంటూ ఒక నడక వస్తుంది. స్టాళ్లు, టికెట్లు, లైట్లు అందరికీ గుర్తున్నాయి, సర్వే ఊసు ఎవరూ ఎత్తరు. ఇవాళ విద్యార్థులు సదస్సు కోసం స్పాన్సర్ల వెంట తిరిగినా ఇదే జరుగుతుంది. మూడు నెలలు చందాల రసీదు పుస్తకాలు పట్టుకుని తిరిగాక పత్రం రాసుకోడానికి మూడు రోజులు కూడా మిగలవు. తిరిగేవాళ్లెవరు? తరచుగా మనోళ్లే. కుర్చీలు మోసేది, టీలు అందించేది, బ్యానర్లు కట్టేది వాళ్లే. వేదిక మీద పత్రం చదివేది ఇంకొకరు. సదస్సులో కూడా శ్రమకి కులం ఉంది.

ఇతర దేశాల్లో అణగారిన జాతులకీ ఇదే అనుభవం. అమెరికాలో అట్లాంటా యూనివర్సిటీ 1896 నుంచి నల్లవాళ్ల స్థితిగతుల మీద ఏటేటా సదస్సులు జరిపింది. మరుసటేడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ వచ్చాక అవి శాస్త్రీయమైన సర్వేలుగా మారాయి. నల్లవాళ్ల కాలేజీల్లో చదివిన పట్టభద్రులు చాలామంది జీతం తీసుకోకుండా వివరాలు సేకరించి పంపారు. ఏటా ఒక నివేదిక అచ్చయింది. ఎంత నిబద్ధత ఉన్నా నిధుల లేమి ఆ పనిని చివరిదాకా వెంటాడింది. స్వచ్ఛంద శ్రమ గొప్పదే, కాని దాన్ని నమ్ముకుని సర్కారు చేతులు దులుపుకోకూడదు.

గోల్డెన్ త్రెషోల్డ్ నుంచి గచ్చిబౌలి దాకా

అబిడ్స్‌లో నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. అది సరోజినీ నాయుడు ఇల్లు. 1973 నాటి ఆరు సూత్రాల పథకం తర్వాత, రాజ్యాంగంలో 371ఇ అధికరణం చేర్చి, 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఏర్పాటు చేశారు. దాని తొలి రోజులు ఆ ఇంట్లోనే గడిచాయి. తర్వాత గచ్చిబౌలికి పోయింది. తెలుగునాట దళిత విద్యార్థులు పరిశోధనలోకి పెద్దసంఖ్యలో వచ్చిన చోట్లలో అదొకటి. అక్కడ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1990ల తొలినాళ్లలో పుట్టింది. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఆ తరం విద్యార్థులు హాస్టల్ గదుల్లోనూ మెస్సు బల్లల దగ్గరా చర్చలు పెట్టుకున్నారు. పాఠ్యప్రణాళికలో లేని చదువు అక్కడే జరిగింది.

అదే యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. తనకి రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలు, ఇంటివాళ్లకి అందేలా చూడమని చివరి ఉత్తరంలో రాశాడు. ఆ మరణానికి సంబంధించిన వాదోపవాదాలన్నీ ఇక్కడ తిరిగి చెప్పబోవడం లేదు. ఒక్క సంగతి చూడండి. ఆ ఉత్తరంలో ఒక లెక్క ఉంది. మనవాళ్లకి ఫెలోషిప్ అంటే పుస్తకాల ఖర్చు మాత్రమే కాదు, ఇంటికి పంపే డబ్బు కూడా. తల్లి మందులు, తమ్ముడి ఫీజు అందులోంచే పోవాలి. అది ఆగిన నెల సదస్సుకి పోవడం అన్న మాటే రాదు.

2012లో యూజీసీ నెట్ లేనివాళ్ల ఫెలోషిప్‌ని ఎం.ఫిల్‌కి 5,000, పీహెచ్‌డీకి 8,000 రూపాయలు చేసింది. 2015 అక్టోబరులో దాన్ని ఎత్తేస్తామంది. ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు వారాల తరబడి కూర్చున్నారు. జేఆర్‌ఎఫ్ మాత్రం 2023 జనవరి నుంచి నెలకి 37,000 అయింది. ఒకే గైడు దగ్గర, ఒకే గదిలో ఈ రెండు రకాల స్కాలర్లూ ఉంటారు. ఇద్దరికీ ఒకటే రిజిస్ట్రేషన్ ఫీజు పెడితే అది సమానత్వమా?

ఖర్చు లెక్క

సదస్సు అంటే లక్షలకి లక్షలు అని భయపెడతారు. ఒక చిన్న సదస్సు లెక్క వేసి చూద్దాం. ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. ఇది నమూనా మాత్రమే. రెండు రోజులు, 30 పత్రాలు, మొత్తం వంద మంది హాజరు అనుకుందాం.

పత్రాలు చదివే 30 మందికి రానూపోనూ స్లీపరు, బస్సు చార్జీలు తలకి 700 చొప్పున 21,000. వంద మందికి రెండు రోజుల భోజనం, టీ రోజుకి 250 చొప్పున 50,000. బయటి ఊళ్ల నుంచి వచ్చే 20 మందికి రెండు రాత్రుల బస, రాత్రికి 300 చొప్పున 12,000. పత్రాల మీద మాట్లాడడానికి నలుగురు అధ్యాపకుల ప్రయాణం 16,000. పత్రాల పుస్తకం 300 ప్రతులు, ఒక్కోటి 120 చొప్పున 36,000. హాలు, మైకు 25,000. అన్నీ కలిపితే 1,60,000. పత్రానికి 5,300 పైచిలుకు పడుతుంది. ఒక జేఆర్‌ఎఫ్ స్కాలర్‌కి నాలుగు నెలల పైన వచ్చే ఫెలోషిప్ ఎంతో ముప్పై మంది పరిశోధనని పరీక్షకి పెట్టడానికి అంత.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు సంగతి. ముప్పై మంది దగ్గరా తలా వెయ్యి తీసుకుంటే 30,000 వస్తుంది. ఖర్చులో అయిదో వంతు కూడా కాదు. అంటే ఫీజు వల్ల సదస్సు నడవదు. ఫీజు చేసే పని వేరే: కొందర్ని గుమ్మం బయటే ఆపుతుంది. ఆదాయం కోసమని చెప్పేది నిజానికి వడపోత.

ఇంకో వడపోత కనబడకుండా ఉంటుంది. ప్రయాణ ఖర్చు ముందు నువ్వు పెట్టుకో, బిల్లులు తెస్తే తర్వాత ఇస్తాం అంటారు. బిల్లు మంజూరవడానికి నెలలు పడుతుంది. ఇంటి దగ్గర తండ్రికి పొలమో నౌకరీయో ఉన్నవాడు ఆ నెలలు ఆగగలడు. తల్లి కూలికి పోయేవాడు 700 రూపాయలు అప్పు తెచ్చి మూడు నెలలు ఎదురుచూడాలి. అప్పు తెచ్చే బదులు రాకుండా ఊరుకుంటాడు. నిర్వాహకులు అతని పేరు పక్కన "గైర్హాజరు" అని రాసుకుంటారు. పై లెక్కలో విద్యార్థుల ప్రయాణం 21,000. మొత్తంలో ఏడో వంతు కూడా కాదు. ఆ కొంచెం డబ్బు ముందు ఇస్తారా, తర్వాత ఇస్తారా అన్నదే సదస్సులో ఏ కులాలు కూర్చుంటాయో తేలుస్తుంది.

లెక్కలోకి రాని ఖర్చులూ ఉన్నాయి. ఊరికి పోయి నాలుగు రోజులు ఉండి ముసలివాళ్లతో మాట్లాడడం, జిరాక్సులు, డీటీపీ. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటే చాలామంది లైబ్రరీ తయారవుతుంది. దానికీ జేబులో వంద ఉండాలి.

డబ్బు వచ్చే దారులు

మొదటి దారి యూనివర్సిటీ. విద్యార్థుల సదస్సుని శాఖ బడ్జెట్‌లో ఒక పద్దుగా రాయించుకోవాలి. పద్దు లేకపోతే ప్రతి ఏడూ హెడ్డు దయ మీద ఆధారపడాలి. హెడ్డు మారితే సదస్సు ఆగుతుంది. రెండోది యూజీసీ, ఐసీఎస్ఎస్ఆర్ వంటి సంస్థలు. 1969లో ఏర్పడిన ఐసీఎస్ఎస్ఆర్‌కి దక్షిణాది ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. ఇట్లాంటి చోట దరఖాస్తు అధ్యాపకుల పేరు మీద పోతుంది. కనక పత్రాల ఎంపిక, పిలుపులు, వేదిక అధ్యాపకుల చేతికి పోకుండా ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఖర్చు లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ సకాలంలో ఇవ్వాలి. లెక్క తేలని సదస్సుకి రెండోసారి డబ్బు రాదు, ఆ చెడ్డపేరు తర్వాతి బ్యాచ్ మోయాలి.

మూడో దారిని మనవాళ్లు తగినంతగా వాడుకోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత సంఘాల ఆందోళన తర్వాత 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో షెడ్యూల్డ్ కులాలు 15.45 శాతం. ఆ దామాషాలో బడ్జెట్‌లో నిధులు కేటాయించాలన్నది ఈ చట్టాల సారం. విద్య అందులో ఒక భాగం. రోడ్లకీ ఫ్లైఓవర్లకీ ఈ లెక్కలో ఖర్చు రాయడం మీద పోరాడాం. పోరాడుతూనే ఆ నిధిలోంచి పరిశోధనకి ఒక స్పష్టమైన పద్దు అడగడం మరిచాం. రాజ్యాంగం 46వ అధికరణం షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యా ప్రయోజనాలని ప్రత్యేక శ్రద్ధతో పెంచాలంటుంది. పరిశోధన విద్య కాదా?

నాలుగోది సమాజం నుంచి వచ్చే చందా. ఉద్యోగాల్లో కుదురుకున్న మనోళ్లు ఇవ్వాలి, ఇస్తున్నారు కూడా. కాని ఆ డబ్బుని ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాలి. భోజనాలకీ హాలుకీ సర్కారు డబ్బు వాడి, చందాని ముందుగా ఇచ్చే చార్జీలకీ అచ్చు ఖర్చుకీ అట్టిపెట్టుకోవడం మంచిది. ఎందుకంటే మంజూరు ఆలస్యమైతే దెబ్బ తగిలేది ఈ రెండు చోట్లే. 1936 పాఠం కూడా అదే చెబుతుంది. వేదిక పోయినా అచ్చేసుకునే డబ్బు మన దగ్గరుంటే మాట బతుకుతుంది.

అభ్యంతరాలు

పత్రాల నాణ్యత తక్కువ, వాటికి ఇంత ఖర్చా అని కొందరు అంటారు. మొదటి పత్రం ఎవరిదైనా తడబడుతూనే ఉంటుంది. తాత ముత్తాతల నుంచి పుస్తకాలున్న ఇంటి పిల్లవాడు ఆ తడబాటు ఇంట్లో భోజనాల దగ్గరే ముగించుకుని వస్తాడు. మనవాడికి ఆ భోజనాల బల్ల సదస్సే. నాణ్యత రావాలంటే సదస్సు జరగాలి, నాణ్యత వచ్చాక సదస్సు అంటే ఈతొచ్చాక నీళ్లలో దిగమన్నట్టు.

ఇంకొందరు, ఇవన్నీ రాజకీయాలు అంటారు. కులం మీద ప్రశ్న అడిగితే రాజకీయం, అడక్కుండా ఊరుకుంటే పాండిత్యం అన్న లెక్క మాకు ఒప్పుదల కాదు. అయితే మనవాళ్లకీ ఒక మాట చెప్పాలి. సదస్సుని సభగా మార్చొద్దు. మంత్రిగారు వచ్చి గంట మాట్లాడి, పూలదండలు ముగిసి, విద్యార్థి పత్రానికి ఏడు నిమిషాలు మిగిలితే అది సదస్సు కాదు. ప్రశ్నలకి సమయం లేని చోట పరిశోధన జరగదు.

అడగాల్సినవి

ఇంత వివరించాక మా కోరికలు క్లుప్తంగా చెబుతాం. ప్రతి యూనివర్సిటీ బడ్జెట్‌లో విద్యార్థి పరిశోధన సదస్సుకి విడిగా పద్దు ఉండాలి. పత్రం ఎంపికైన విద్యార్థికి ప్రయాణ ఖర్చు బయల్దేరక ముందే చేతికివ్వాలి. ఫెలోషిప్ రానివాళ్లకీ, ఆగినవాళ్లకీ రిజిస్ట్రేషన్ ఫీజు ఉండకూడదు. కార్యక్రమం నిర్ణయించే కమిటీలో విద్యార్థులు సగానికి తగ్గకూడదు, అందులో దళిత, ఆదివాసీ విద్యార్థినులు తప్పనిసరిగా ఉండాలి. తెలుగులో, ఉర్దూలో రాసిన పత్రాలకి ఇంగ్లీషు పత్రాలతో సమానమైన సమయం, అచ్చులో చోటు ఇవ్వాలి. సదస్సు ముగిసిన ఏడాదిలోగా పత్రాల పుస్తకం రావాలి. ప్రత్యేక అభివృద్ధి నిధిలో పరిశోధన సదస్సులకి ఏటా ఇంత అని ప్రకటించాలి, ఖర్చయిన లెక్క అందరికీ కనబడేలా పెట్టాలి.

ఇందులో ఏ ఒక్కటీ పెద్ద డబ్బు అడిగేది కాదు. సంస్థానాధీశులు లేని కులాలకి సర్కారు ఖజానాయే సంస్థానం. అందులో మన తాతల వెట్టి ఉంది, మన తల్లుల కూలి మీద కట్టిన పన్ను ఉంది. ఆ డబ్బు అడుగుతున్నప్పుడు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. లెక్క చూపించి, పద్దు పేరు చెప్పి, తేదీ అడిగి తీసుకోవాలి.